లాభం చూపిన ఆర్డరు, ఖాళీ అయిన చెయ్యి: తక్కువ పెట్టుబడితో మొదలైన ఒక కుట్టుపని వ్యాపారం (కేస్ స్టడీ)

చిన్న వ్యాపారం మొదలుపెట్టదలచినవారితో కూర్చుని లెక్కలు వేయడం, అవసరమైతే అప్పు దరఖాస్తుకు కావలసిన కాగితాలు తయారుచేసి పెట్టడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది చేతిలో ఉన్న డబ్బు చాలదన్న దిగులుతోనే వస్తారు. ఎంత ఉందన్నది అలా ఉంచి, చేయి దాటిన డబ్బు ఎన్ని రోజులకు తిరిగి వస్తుందో చూడమని వారికి నేను చెబుతూ ఉంటాను. అలా చెప్పే నేనే ఒక సందర్భంలో ఆ మాట మరిచిపోయాను. ఈ కేసులో మొదటి నాలుగు నెలలు నా సలహా బాగానే పనిచేసింది, ఐదో నెలలో అదే సలహాదారు ఇచ్చిన ఇంకో సలహా ఆ వ్యాపారాన్ని దాదాపు ముంచింది. ఆ రెండో భాగం కోసమే దీన్ని రాస్తున్నాను.

క్లయింటును గుర్తుపట్టే వివరాలన్నీ తీసివేశాను. డబ్బును ఏ కరెన్సీలోనూ చెప్పకుండా, ఆమె మొత్తం పొదుపును 10,000 వంతులుగా తీసుకుని, మిగిలిన అంకెలన్నింటినీ ఆ లెక్కలోనే ఇస్తున్నాను. చదివేవారు తమ పొదుపును ఆ 10,000 స్థానంలో పెట్టుకుంటే మిగిలిన నిష్పత్తులు వాటంతటవే కుదురుతాయి.

ఆమె 11 సంవత్సరాలు దుస్తుల ఫ్యాక్టరీలో లైనుపై కుట్టుపని చేశారు. ఫ్యాక్టరీ మూతపడింది. ఇంటి ఖర్చులో తన వాటాగా నెలకు 1,500 వంతులు తేవలసిన బాధ్యత ఆమెపై ఉంది. నా దగ్గరికి వచ్చినప్పుడు ఆమె చేతిలో ఒక నోటుపుస్తకం, అందులో ఒక పేజీ నిండా వస్తువుల జాబితా ఉన్నాయి: అద్దెకు ఒక గది, దానికి అడ్వాన్సు, బల్ల, అద్దం, బోర్డు, కొత్త ఇండస్ట్రియల్ మిషన్, ఓవర్‌లాక్ మిషన్, కాజాల మిషన్. కూడితే 15,400 వంతులైంది. పొదుపు పోగా తక్కువపడే 5,400కు అప్పు ఇప్పించమని ఆమె అడిగారు.

జాబితాలో ఏ తప్పూ లేదు. ప్రతి వస్తువూ ఏదో ఒకరోజు అవసరమైనదే. కానీ ఆ పేజీలో ఎక్కడా గిరాకీ లేదు. ఎవరు వస్తారు, ఏ పని తెస్తారు, ఎంత ఇస్తారు అన్నవాటికి ఒక్క వరుస కూడా కేటాయించలేదు. అప్పు గురించి నేను అప్పుడు ఒకే మాట చెప్పాను. వాయిదా వచ్చే నెల నుంచే మొదలవుతుంది, ప్రతి నెలా ఒకే మొత్తంలో ఉంటుంది. రాబడి మాత్రం ఎప్పుడు మొదలవుతుందో, ఏ వారం ఎంత వస్తుందో ఇంకా ఎవరికీ తెలియదు. ఈ రెండింటినీ ఒకే కాడికి కడితే మొదట కుంగేది ఇల్లు.

1939లో విలియం హ్యూలెట్, డేవిడ్ ప్యాకార్డ్ 538 డాలర్లతో ఒక గ్యారేజీలో హ్యూలెట్-ప్యాకార్డ్ (హెచ్‌పీ) అనే ఎలక్ట్రానిక్స్ కంపెనీ పెట్టారన్న సంగతి మా వృత్తిలో తరచూ వినిపిస్తుంది. ఆ 538ని అందరూ గుర్తుపెట్టుకుంటారు గానీ, ఆ తొలి రోజుల్లో వారు ఎవరు ఏ పరికరం అడిగితే అది తయారుచేసి ఇచ్చారన్నది, ధ్వని పరికరాలను పరీక్షించడానికి వాడే వారి ఆసిలేటర్లను డిస్నీ సంస్థ ఎనిమిది కొన్నదన్నది ఎవరూ అంతగా చెప్పుకోరు. డబ్బు చాలనప్పుడు లోటు తీర్చేది కొనేవాడే.

పోయినా ఫరవాలేని మొత్తం

మొదటి రోజు మేము లాభం అంచనా వేయలేదు. పొదుపులో ఎంత పూర్తిగా పోయినా ఇల్లు తట్టుకోగలదో ఆమెనే చెప్పమన్నాను. ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు. అనుభవజ్ఞులైన వ్యాపార స్థాపకులు రాబోయే లాభాన్ని ఊహించి కాక, తట్టుకోగల నష్టాన్ని నిర్ణయించుకుని అడుగు వేస్తారని సరస్ సరస్వతి అనే పరిశోధకురాలు 2001లో ప్రచురించిన వ్యాసంలో ప్రతిపాదించారు. నా క్లయింటు చాలాసేపు ఆలోచించి, ఇంట్లో మాట్లాడి, రెండు రోజుల తరువాత వచ్చి 4,000 అని చెప్పారు. మిగిలిన 6,000 నాలుగు నెలల ఇంటి వాటాకు సరిపోతుంది. దాన్ని వేరే ఖాతాలోకి మార్చాం. ఆ ఖాతాను తాకవలసి వస్తే ముందు నాతో మాట్లాడాలన్నది మా ఇద్దరి మధ్య ఒప్పందం.

4,000కు ఏమి చేయవచ్చునన్న ప్రశ్న వచ్చేసరికి జాబితా దానంతటదే చిన్నదైపోయింది. కొత్త దుస్తులు కుట్టడానికి గుడ్డ కొనాలి, కొలతలు తప్పితే ఆ నష్టం భరించాలి. ఆల్టరేషన్‌లో, అంటే ప్యాంటు పొడవు తగ్గించడం, నడుము వదులు చేయడం, జిప్పు మార్చడం, చిరిగినచోట అతుకు వేయడం వంటి పనుల్లో, ముడిసరుకును ఖాతాదారే తెస్తాడు. మనం పెట్టేది దారం, సూది, సమయం. డబ్బు తక్కువున్నవారికి ఇంతకంటే అనువైన పని అరుదు, ఎందుకంటే ఇందులో సరుకులో ఇరుక్కునే డబ్బు దాదాపు శూన్యం.

కొన్నది ఒక్క సెకండ్‌హ్యాండ్ ఇండస్ట్రియల్ మిషన్. దాన్ని ఎంచుకున్న తీరు చెప్పదగినది. అమ్మేవారి దగ్గరికి ఆమె మూడు వస్తువులు పట్టుకెళ్లారు: నాలుగు మడతలు వేసిన జీన్స్ ముక్క, పలుచని లైనింగ్ ముక్క, ఒక కొత్త సూదుల ప్యాకెట్. ముందు మిషన్‌కు ఉన్న పాత సూది తీసి తన సూది బిగించారు. కుట్టు చెడితే సూదిది తప్పా, మిషన్‌ది తప్పా అన్న సందేహానికి తావు లేకుండా. మోటారు వేయకుండా చేతిచక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ ఎక్కడైనా పట్టేస్తోందేమో చూశారు. లైనింగ్‌పై కుట్టి ముక్కను తిరగేస్తే అడుగున దారం ఉచ్చులుగా వదులైంది. పైదారం బిగువు సరిచేయగానే అది పోయింది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. జీన్స్ ముక్కపై మాత్రం మడత మందమైన చోట ప్రతిసారీ రెండు మూడు కుట్లు పడకుండా పోతున్నాయి. సూది కొత్తదే కాబట్టి లోపం హుక్ టైమింగ్‌లో, అంటే సూది తెచ్చిన దారాన్ని కింది హుక్ సరైన క్షణంలో అందుకోవడంలో, ఉందని ఆమె తేల్చారు. ధర తగ్గించమని అడగలేదు. టైమింగ్ సరిచేసి, అదే ముక్కపై కుట్టి చూపించాకే డబ్బు ఇస్తానన్నారు. అమ్మేవారు ఒక గంట కూర్చుని సరిచేశారు. 1,800 వంతులకు మిషన్ ఇంటికి వచ్చింది.

కత్తెర, ఇస్త్రీపెట్టె, ఐదారు రంగుల దారాలు, కొన్ని జిప్పులు, గుండీలకు 500 అయింది. ఓవర్‌లాక్ మిషన్ కొనలేదు. అంచులు వేయవలసిన బట్టలను, ఆ మిషన్ ఉన్న మరొకరి దగ్గర పీసుకు ఇంత అని ఇచ్చి చేయించుకున్నారు. చేతిలో 1,700 మిగిలింది. ఈ 1,700ను చూసి ఆమె ఇంకో మిషన్ కొందామన్నారు. వద్దన్నాను. రాబడి నిలదొక్కుకునేలోపు ఇంటి వాటా దీనిలోంచే వెళ్లాలి.

గది అద్దెకు తీసుకోలేదు. దాని బదులు రెండు లాండ్రీలతో మాట్లాడుకున్నాం. లాండ్రీకి బట్టలు పట్టుకుని జనం ఎలాగూ వస్తారు, వాటిలో గుండీ ఊడినవి, జిప్పు పోయినవి ఉండనే ఉంటాయి. లాండ్రీ పని తీసుకుంటుంది, ఈమె చేసి ఇస్తారు, వచ్చిన దానిలో 20 శాతం లాండ్రీకి, మిగిలినది ప్రతి శనివారం ఈమెకు. 20 శాతం ఎక్కువని ఆమెకు మొదట అనిపించింది. కానీ అద్దె అనేది పని ఉన్నా లేకపోయినా కట్టవలసినది. ఈ 20 శాతం పని వచ్చిననాడే పోతుంది, రాని నాడు పోదు. తక్కువ డబ్బుతో నడిచే వ్యాపారానికి ఈ తేడా చాలా పెద్దది, శాతం కొంచెం ఎక్కువైనా సరే.

పేరు నమోదు, పన్నులకు సంబంధించిన కాగితాల పని ఎవరి చోట నిబంధనలు వారివి. మేము ఒక పూటలో ముగించుకున్నాం.

ధర ఎలా కట్టాం

ధర విషయంలో ఆమె ఫ్యాక్టరీ అనుభవం మేలూ చేసింది, కొంత పక్కదారీ పట్టించింది. లైనుపై ప్రతి పనికీ ప్రామాణిక నిమిషాలుంటాయి కాబట్టి, ప్యాంటు పొడవు తగ్గించడానికి కుట్లు విప్పడం 4 నిమిషాలు, కొలిచి గుర్తుపెట్టడం 2, కత్తిరించి మడవడం 2, కుట్టడం 5, ఇస్త్రీ 3, మొత్తం 16 నిమిషాలని ఆమె చటుక్కున చెప్పగలిగారు. నెలకు కావలసినది ఇంటికి 1,500, దారం, కరెంటు, మరమ్మతుల వంటివాటికి 300, వ్యాపారంలో మిగలవలసినది 200, వెరసి 2,000. 25 పనిదినాలకు పంచితే రోజుకు 80. రోజుకు 8 గంటలంటే 480 నిమిషాలు కాబట్టి నిమిషానికి 0.17 వంతు చొప్పున, ప్యాంటుకు 2.7 చాలునని ఆమె లెక్క.

మొదటి వారం ఒక పని పెట్టాను. మిషన్ పక్కన కాగితం పెట్టుకుని, ఖాతాదారు డబ్బిచ్చే పనిపై చేయి ఉన్న నిమిషాలను మాత్రమే రాయమన్నాను. వారాంతానికి సగటు రోజుకు 270 తేలింది. మిగిలిన 210 నిమిషాలు లాండ్రీలకు వెళ్లిరావడం, చీటీలు రాయడం, దారం రంగు మార్చడం, అంచుల కోసం ఓవర్‌లాక్ దగ్గర వేచి ఉండడంలో పోతున్నాయి. ఫ్యాక్టరీలో బట్టల కట్ట తెచ్చి ముందు పెట్టేవారు వేరే ఉంటారు, దారం తెచ్చేవారు వేరే ఉంటారు. ఇక్కడ అన్నీ తనే. 80ని 270తో భాగిస్తే నిమిషానికి సుమారు 0.3. అప్పుడు 16 నిమిషాల పనికి 4.8 రావాలి. లాండ్రీ వాటా 20 శాతం పోను 4.8 చేతికి రావాలంటే ఖాతాదారు ఇవ్వవలసినది 6. మొదట అనుకున్న 2.7కీ ఈ 6కీ మధ్య ఉన్న దూరంలోనే చాలా చిన్న వ్యాపారాలు రాత్రింబవళ్లు కష్టపడుతూ కూడా ఎదగకుండా ఉండిపోతాయి.

ఆ కాగితం ఇంకో మేలు చేసింది. నల్లదారం బట్టలన్నీ ఒకేసారి, తరువాత తెల్లవి, తరువాత నీలం అని పని వరుస మార్చుకోవడానికి ఆమెకు కారణం దొరికింది.

మొదటి నెల రాబడి 900, ఖర్చులు 200. ఇంటికి 1,500 ఇవ్వడానికి 1,700లోంచి 800 తీశారు. రెండో నెల రాబడి 1,500, ఖర్చులు 250. ఇంకో 250 తీశారు, చేతిలో 650 మిగిలింది. మూడో నెల 2,050 వచ్చింది, ఖర్చులు 300, ఇంటి వాటా పోను 250 తిరిగి పడింది. నాలుగో నెలాఖరుకు రొక్కం 1,200. ఇంటికీ వ్యాపారానికీ కలిపి రోజుకు 60 ఖర్చు కాబట్టి, ఒక్క పైసా రాకపోయినా 20 రోజులు నడవగలదన్నమాట. ఈ 20 అన్న అంకెను పాఠకులు గుర్తుంచుకోవాలి. ఐదో నెలలో నేను గుర్తుంచుకోలేదు.

120 పని కోటుల ఆర్డరు

ఒక సంస్థ తన సిబ్బందికి 120 పని కోట్లు కుట్టించుకోవాలనుకుంది. లాండ్రీ ద్వారా ఈమె పని చూసినవారెవరో పేరు చెప్పారు. కోటుకు 25 వంతులు, మొత్తం 3,000. అడ్వాన్సు లేదు, సరుకు అందిన 30 రోజులకు చెల్లింపు. ఆమె ఉత్సాహంగా నా దగ్గరికి వచ్చారు. నేను కాగితంపై లెక్క వేశాను: గుడ్డకు కోటుకు 13, సహాయకురాలి కూలి 4, గుండీలు, రవాణా 1, కలిపి 18. మిగిలేది 7. 120 కోట్లకు 840, అంటే 28 శాతం.

“తీసుకోవచ్చాండీ?” అని ఆమె అడిగారు. “నిస్సంకోచంగా తీసుకోండి” అన్నాను. మూడు నెలలు ఆల్టరేషన్‌లో మిగుల్చుకునేంత మొత్తం ఒకే ఆర్డరులో కనిపిస్తోంటే వేరే మాట నోటికి రాలేదు.

గుడ్డకు 1,560 కావాలి. కొత్త కొనుగోలుదారు కాబట్టి గుడ్డ వ్యాపారి అరువు ఇవ్వలేదు. చేతిలో ఉన్నదానికి తోడు తాకకూడదన్న 6,000లోంచి కొంత తీయడానికి నేనే సరేనన్నాను, నెలన్నరలో తిరిగి వస్తుంది కదా అని. 15 రోజుల్లో అవుతుందనుకున్న కుట్టుపనికి 24 రోజులు పట్టింది. అందించిన తరువాత 14 కోట్లను వెనక్కి పంపారు. పైజేబు చెప్పిన చోటుకంటే కిందికి ఉందన్నది అభ్యంతరం. ఎంత కింద అన్నది ఎవరూ రాసుకోలేదు. నోటి మాటగా “ఇక్కడ” అని వేలితో చూపించారు, ఈమె సుద్దతో గీత పెట్టుకున్నారు, అంతే. జేబులు విప్పి మళ్లీ కుట్టేసరికి, కుట్లు విప్పిన చోట సూది రంధ్రాలు కనబడకుండా ఇస్త్రీ చేయడంతో సహా, 33వ రోజైంది. చెల్లింపు గడువును సంస్థ ఆ 33వ రోజు నుంచే లెక్కపెట్టింది. 63వ రోజున రావలసిన డబ్బు, సంతకం చేయవలసినవారు సెలవులో ఉన్నారని, బిల్లుపై ఒక నంబరు లేదని, 81వ రోజున వచ్చింది. సంస్థ మోసం చేయలేదు, మొత్తం డబ్బు ఇచ్చింది. వారికి 18 రోజులు ఒక లెక్క కాదు.

ఈలోగా ఇక్కడ జరిగినది వేరు. కోట్ల పనిలో పడి లాండ్రీ బట్టలు ఆలస్యమయ్యాయి. రెండింటిలో ఎక్కువ పనిచ్చే లాండ్రీ ఐదో వారంలో వేరొకరిని చూసుకుంది. అందుకు వారిని తప్పుపట్టలేం. ఖాతాదారులు అరిచేది వారిపై.

81 రోజుల లెక్క ఇది. మొదట చేతిలో 1,200. ఆర్డరుపై పెట్టినది 2,160. ఇంటి వాటా 2.7 నెలలకు 4,050. ఆల్టరేషన్‌లో ఖర్చులు పోను మొదటి 33 రోజుల్లో 900, తరువాత ఒకే లాండ్రీతో మిగిలిన రోజుల్లో 1,760, కలిపి 2,660. తేలిన లోటు 2,350. అదంతా తాకకూడదన్న ఖాతాలోంచే వెళ్లింది. 6,000 ఉండవలసిన చోట ఒక దశలో 3,650 ఉంది. 3,000 వచ్చాక ఆ ఖాతాను పూర్తిగా నింపితే చేతిలో మిగిలినది 650.

ఆర్డరు తీసుకోకుండా ఉంటే ఏమయ్యేది? నాలుగో నెలలో ఉన్నట్టే నెలకు నికరంగా 1,800 వచ్చినా 2.7 నెలలకు 4,860 వచ్చేది, ఇంటికి 4,050 పోను 810 మిగిలేది, చేతిలో 2,010 ఉండేది. అంటే కాగితంపై 840 లాభం చూపిన ఆర్డరు ఆమెను 1,360 వెనక్కి నెట్టింది. ఆల్టరేషన్‌లో పోగొట్టుకున్న 2,200లోంచి ఆ 840ని తీసివేస్తే వచ్చేది సరిగ్గా ఈ 1,360యే. ఈ లెక్క తేలిన సాయంత్రం ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనివుంటే నాకు కొంత తేలికగా ఉండేది.

తప్పు ఎక్కడ జరిగింది

నా కాగితంలో రెండు తప్పులున్నాయి. మొదటిది, ఆమె సమయానికి ధర కట్టకపోవడం. సహాయకురాలి కూలి 4 అని రాశాను గానీ, కత్తిరింపు, కాలరు, తనిఖీ ఆమె చేతిమీదుగానే సాగాయి. తరువాత గుర్తుచేసుకుని లెక్కిస్తే కోటుకు సుమారు 35 నిమిషాలు. నిమిషానికి 0.3 చొప్పున అది 10.5. అప్పుడు కోటుకు 7 లాభం పోయి 3.5 నష్టం వస్తుంది. నాలుగు నెలల ముందు ధర కట్టేటప్పుడు ఇదే 0.3ను పట్టుబట్టి రాయించినవాడిని నేనే. ఆర్డరు పెద్దదయ్యేసరికి అది వేరే రకం వ్యాపారమన్నట్టు మరో కాగితం తీశాను. సొంత శ్రమను ఉచితమనుకునే అలవాటు క్లయింట్లలో ఉంటుందని మేము అంటూ ఉంటాం, సలహాదారుల్లోనూ ఉంటుంది.

రెండో తప్పు రోజులను లెక్కపెట్టకపోవడం. అకౌంటింగ్‌లో దీనికి స్థిరమైన సూత్రముంది: సరుకుగా ఉన్న రోజులు, దానికి మనకు రావలసిన బాకీగా ఉన్న రోజులు కలిపి, మనకు అరువు దొరికిన రోజులను తీసివేయాలి. ఈ ఆర్డరులో గుడ్డ, కుట్టుపని రూపంలో 33 రోజులు, బాకీగా 48 రోజులు, అరువు సున్నా, మొత్తం 81. ఆల్టరేషన్‌లో బాకీ ఎంత పొడుగైనా శనివారం నుంచి శనివారం, 7 రోజులు. ఆర్డరు వచ్చిననాటికి ఆమె దగ్గర 20 రోజుల ఊపిరి ఉంది. సంస్థ చెప్పిన గడువు ప్రకారమే పనంతా సజావుగా జరిగినా 15కు 30 కలిపి 45 రోజులు. 20కి, 45కు మధ్య తేడా చూడటానికి పెద్ద లెక్క అక్కరలేదు, పక్కపక్కన రాస్తే చాలు. లాభశాతం ఒక్కటే రాసుకున్నాను కాబట్టి కనబడలేదు.

పెద్ద పెట్టుబడి ఉన్నవాడికి ఇదే ఆర్డరు ఫరవాలేకపోవచ్చు. 81 రోజులు ఆగగలిగినవాడు ధర కొంచెం సరిచేసుకుని ఇదే పనిలో సంపాదిస్తాడు. ఆగలేనివాడు అదే పనిలో నష్టపోతాడు.

రెండో ఆర్డరు

మూడు నెలల తరువాత అదే సంస్థ ఇంకో 60 కోట్లు అడిగింది. నిజానికి పని నాణ్యత వారికి నచ్చింది. ఈసారి ఆమె నా దగ్గరికి రాకముందే షరతులు రాసుకుని వచ్చారు: సగం అడ్వాన్సు, లేదా గుడ్డ వారే ఇవ్వాలి, 30 చొప్పున రెండు విడతలుగా అందిస్తారు, ప్రతి విడతకూ వేరే బిల్లు, కత్తిరింపుకు ముందే ఒక నమూనా కోటు కుట్టి ఇస్తారు, దానికి కట్టిన చీటీపై సంస్థవారు సంతకం చేయాలి. జేబు పైఅంచు భుజం కుట్టు నుంచి ఎంత దూరంలో ఉండాలో ఆ చీటీపై సెంటీమీటర్లలో రాసి ఉంది.

సంస్థ అడ్వాన్సు కుదరదంది, గుడ్డ ఇవ్వడానికి ఒప్పుకుంది, విడతకు 15 రోజుల్లో చెల్లిస్తామంది. ఇలా జాబ్‌వర్క్‌గా, అంటే గుడ్డ వారిది, కుట్టుకూలి మాత్రమే మనది అన్న పద్ధతికి, మారిన పనికి కోటుకు 13 కుదిరింది. కాలరు పనికి రెండో సహాయకురాలిని పెట్టుకోవడంతో కూలి 6 అయింది, గుండీలు, రవాణా 1, ఆమె సమయం 12 నిమిషాలకు తగ్గి 3.6. మిగిలేది 2.4. మొదటిసారి కాగితంపై కనిపించిన 7 పక్కన ఇది చిన్నదే, అయితే ఇది నిజమైన 2.4. అంతకంటే ముఖ్యంగా, ఆమె చేతిలోంచి వెళ్లే రొక్కం కోటుకు 7, విడతకు 210. రెండు విడతలూ ఒకేసారి బాకీ ఉన్నా బయట ఉండేది 420 దాటదు. లాండ్రీ బట్టలకు రోజులో మొదటి మూడు గంటలు కేటాయించి, మిగిలిన సమయంలోనే కోట్లు ముట్టుకోవాలని ఆమె తనకు తానే నియమం పెట్టుకున్నారు.

జాబ్‌వర్క్ గురించి నాకు ఒక అనుమానం లేకపోలేదు. 1976లో బంగ్లాదేశ్‌లోని జోబ్రా గ్రామంలో ఆర్థికశాస్త్ర అధ్యాపకుడు ముహమ్మద్ యూనస్ 42 మందికి కలిపి తన జేబులోంచి 27 డాలర్లు అప్పుగా ఇచ్చిన సంఘటనను సూక్ష్మరుణాల చరిత్రలో అందరూ చెబుతారు. అక్కడ వెదురు పీటలు అల్లేవారికి వెదురు కొనుక్కునే సొంత డబ్బు లేదు. ఆ డబ్బు ఇచ్చే వ్యాపారికే, అతను చెప్పిన ధరకే పీటలు అమ్మవలసి వచ్చేది. ముడిసరుకు ఇచ్చేవాడూ, చేసినది తీసుకునేవాడూ ఒక్కడే అయినప్పుడు ధర అతని చేతిలోకి పోతుంది. అందుకే సంస్థ పని నెల రాబడిలో మూడో వంతు మించకూడదని మేము ఒక గీత గీసుకున్నాం. మూడో వంతు అన్నది శాస్త్రం కాదు. ఆ పని ఒక్కసారిగా ఆగిపోయినా లాండ్రీ పనితో ఇల్లు నెట్టుకురాగలదా అని చూసి పెట్టుకున్న అంకె.

నోటుపుస్తకం కూడా మారింది. మొదట్లో వచ్చినది, పోయినది అని రెండు గడులే ఉండేవి. ఇప్పుడు మూడో గడి ఉంది, దాని పేరు “బయట”. పని పూర్తయి డబ్బు రానివన్నీ తేదీలతో అందులోకి వెళ్తాయి. నేరుగా ఆమె ఇంటికే పని తెచ్చేవారు బట్టలు ఇచ్చి తీసుకువెళ్లకపోతే అవీ అందులోకే. ఒకసారి అలా ఇంట్లో అరలో పేరుకున్న 37 బట్టలను కూడితే 190 వంతులు తేలాయి. అప్పటినుంచి నేరుగా వచ్చేవారి దగ్గర సగం ముందే తీసుకుంటున్నారు, జిప్పు మార్చే పనికైతే జిప్పు ఖరీదు పూర్తిగా ముందే. ప్రతి శనివారం పేజీ కింద రెండు అంకెలు రాస్తారు: బయట ఎంత, చేతిలో ఉన్నదానితో ఎన్ని రోజులు.

వ్యాపారం మొదలై 14 నెలలైంది. వెళ్లిపోయిన లాండ్రీ తిరిగి రాలేదు, దాని స్థానంలో మరొకటి వచ్చింది, పని కొంచెం తక్కువ. పోయిన శనివారం ఆమె పంపిన పేజీ ఫొటోలో “బయట 96, చేతిలో 41 రోజులు” అని ఉంది. కింద పెన్సిలుతో రాసిన ప్రశ్న ఒకటి: “సెకండ్‌హ్యాండ్ ఓవర్‌లాక్ 720కి దొరుకుతోంది. కొంటే 29 రోజులకు దిగుతాను. కొనమంటారా?” జవాబుగా, ఓవర్‌లాక్ కోసం బయట వేచి ఉంటున్న నిమిషాలను ఒక వారం పాటు రాసి పంపమన్నాను.